ఎడమ వైపు నాది

చాలా ఏళ్లుగా ఒక విషయం నాలోనే దాచుకుని తిరుగుతున్నాను. దాన్ని బరువు అందామా అంటే, బరువునైతే ఎక్కడో ఒకచోట దించి కాసేపు ఊపిరి తీసుకోవచ్చు. ఇది దిగదు. పాఠం చెబుతున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు, ఎవరి పెళ్లిలోనో నవ్వుతున్నప్పుడు నాతోనే ఉంది. పోలికలు వెతకడం మొదలుపెడితే అసలు సంగతి తప్పించుకుంటాను. నా గురించి నాకు తెలుసు. అందుకని పోలికలు ఇక్కడితో ఆపేస్తాను.

సంగతి ఇది. మా బావ తను చేయని తప్పును తనే చేశాననుకుని బతికాడు. అలా అనుకుంటూనే చనిపోయాడు. అది ఆయన తప్పు కాదని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఎందుకంటే అది నాది.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలా చెప్పుకోవడంలో ధైర్యమేమీ లేదు. ముఖం తెలిసిన ఒక్క మనిషికైనా చెప్పగలిగి ఉంటే మీ దాకా వచ్చేవాణ్ని కాదు. పేర్లు మార్చాను. మా అక్కను సుగుణ అంటాను. బావను ప్రభాకర్ అంటాను. మిగతాదేదీ మార్చలేదు. మార్చాలని చేయి లాగిన చోట్ల ఆగి, మళ్లీ మొదటి నుంచి రాశాను.

మాది గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన కుటుంబం. నాన్న మిలిటరీలో గుమాస్తాగా చేసి, సైనిక్‌పురిలో చిన్న ఇల్లు కట్టుకుని, అందులో ఎక్కువ కాలం ఉండకుండానే పోయాడు. ఆ ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. నేను ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ని. అక్కా బావా వాళ్ల పాప స్నేహా మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లు.

బావ గూడ్సు బండి గార్డు. బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, పగలు జెండా, రాత్రి దీపం చూపించే ఉద్యోగం. ఆ ఉద్యోగమంటే ఆయనకు ఎంత ఇష్టమో చెప్పకపోతే నేను చేసిన పని మీకు సగమే అర్థమవుతుంది. మెలకువగా ఉండటం ఆయన గొప్ప. "బండంత నా ముంగటికెల్లే పోతది బామ్మర్దీ. నేను కన్ను మూసిననుకో, దాని తోక ఎవడు చూడాలె?" అనేవాడు. క్రిస్మస్ ముందు రాత్రి పాటల బృందంతో ఇల్లిల్లూ తిరిగేటప్పుడు మేమంతా ఎవరో ఒకరి వసారాలో కునుకు తీసేవాళ్లం. ఆయన నిలబడి టీ తాగుతూ మమ్మల్ని చూసి నవ్వేవాడు.

ఆయన ఒక డాక్టరు దగ్గర వాడిన చిన్న కారు కొన్నాడు. ఇంజను బాగుండేది. ఊపే భరించలేకపోయేవాళ్లం. ప్రతి చక్రం దగ్గరా ఒక స్ప్రింగూ, ఆ స్ప్రింగు ఊపును ఆపడానికి లోపల నూనె ఉన్న గొట్టమూ ఉంటాయి. ఆ గొట్టాన్నే షాక్ అబ్సార్బర్ అంటారు. దాంట్లో సత్తువ పోతే గుంటలో దిగిన కారు పైకి లేచి, మళ్లీ కుంగి, మళ్లీ లేస్తుంది. అక్కకు నడుం నొప్పి. మౌలాలి నుంచి మా ఇంటికి వచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉండేది.

కంపెనీ సరుకు మా స్తోమతకు దూరం. రాంగోపాల్‌పేట్‌లో ఒక దుకాణంలో పేరూ ఊరూ లేని చవక జత కొన్నాం. "జిందగీ భర్ చల్తా సాబ్" అని జీవితాంతానికి హామీ ఇచ్చాడు దుకాణదారు. "ఎవరి జిందగీ భాయ్, నాదా దీందా?" అన్నాడు బావ. ముగ్గురం నవ్వాం.

బిగించాక ఊపు తగ్గలేదు, ఇంకా పెరిగింది. "ఇది కారేనా, పాపకు కొన్న ఉయ్యాలా?" అంది అక్క. అప్పుడు నేను కల్పించుకున్నాను. లైబ్రరీ నుంచి కారు మరమ్మతుల పుస్తకం ఒకటి తెచ్చాను. ఆ చవక గొట్టాలకు పైన మూత తిప్పితే ఊడివస్తుంది. లోపలి పల్చటి నూనె తీసేసి, చిక్కటిది సరైన కొలతలో పోస్తే ఊపు తగ్గుతుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు. మనమే చేద్దాం బావా, అన్నాను.

ఎందుకన్నాను? అక్క నడుం కోసమేనని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. మిగతా కొంత వేరు. నాకు చేతిపని ఒక్కటీ రాదు. ఫ్యూజు పోతే పక్కింటివాళ్లను పిలిచేవాణ్ని. పుస్తకం చదివినవాడు పని కూడా చేయగలడని బావకు చూపించాలని ఉండేది. ఆయన ఎప్పుడూ నన్ను చిన్నచూపు చూడలేదు. అలాంటి మనిషి ముందు కూడా గొప్పగా కనబడాలనుకోవడం ఏమిటో, ఇప్పుడు ఎంత ఆలోచించినా నాకు అర్థం కాదు.

ఒక శనివారం పెట్టుకున్నాం. ముందురోజు రాత్రి బావకు డ్యూటీ. ఉదయం క్వార్టరుకు వచ్చి కాస్త నడుం వాల్చి, అక్కనూ పాపనూ తీసుకుని మా ఇంటికి వచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే వాళ్లు బావ సొంత ఊరికి వెళ్లాలి. మేడ్చల్ దాటాక ఇంకా దూరం. అక్కడి చర్చిలో ఆ ఆదివారం కోత పండుగ. ఊరివాళ్లు పండించినవి, పెంచినవి తెచ్చి బల్ల ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. బావ ఏటా వెళ్లి ఎవరిదో ఒక గుమ్మడికాయ పాటలో పెంచి పెంచి కొనుక్కొచ్చేవాడు.

ఇంటి ముందు ఖాళీ జాగాలో కారు ముందు భాగాన్ని జాకీ మీద లేపాం. కుడి వైపు ఆయనది, ఎడమ వైపు నాది అని పంచుకున్నాం. నూనె రెండు వైపులా సమానంగా పోయాలి. కొలవడానికి గుర్తులున్న పాత్ర కావాలి. పాప పాలసీసా మీద గీతలుంటాయని నాకు తోచింది. తను సీసా మానేసి చాలా కాలమైంది. అయినా అక్క ఊరుకోలేదు.

"ఒరేయ్, అది నా కూతురు పాలు తాగిన సీసారా. సిగ్గు లేదా మీ ఇద్దరికీ?"

"ఇప్పుడు కారు తాగుతది సుగుణా. అది సుత మన బిడ్డెనాయె" అన్నాడు బావ.

"అయితే దాన్నే ఒళ్లో కూర్చోబెట్టుకుని తాగించు. నా వంటింట్లోకి మాత్రం ఆ సీసా రానివ్వను."

ఆ పగలు మేం సంతోషంగా ఉన్నాం. అది కూడా రాయాలి. రాయకపోతే అబద్ధమవుతుంది. నేను ప్రతి బోల్టుకూ పుస్తకం తెరిచి చూసేవాణ్ని. పేజీల అంచులకు నూనె అంటింది. "మీ గుంటూరోళ్లు పుస్తకం చూడంది నీళ్లు సుత తాగరా ఏందీ?" అన్నాడు బావ. అన్నాడు గానీ, నేను చదివి చెప్పినట్టే చేశాడు.

ఆ పుస్తకంలో ఒక మాట ఉంది. చక్రాన్ని కారుకు పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటి కింద ఉంటుంది. గొట్టం బయటికి తీయాలంటే దాన్నీ విప్పాలి. అది కారుకు తగిలే చోట రబ్బరు తొడుగు, దాని గుండా పొడుగాటి బోల్టు, చివర నట్టు. చాలామంది కారు పైకి లేపి ఉండగానే ఆ నట్టు బిగించేస్తారు. అప్పుడు చక్రం వేలాడుతూ ఉంటుంది కాబట్టి, కారు కిందికి దిగాక రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. అలా కాకుండా నట్టును వదులుగా తగిలించి, కారును దించి, దాని బరువంతా చక్రాల మీద పడ్డాక కిందికి దూరి బిగించాలి. ఈ మాట బావకు తెలియదు. నేను చదివి వినిపించాను. ఆయన మెచ్చుకున్నాడు. "చూసినవా, గందుకే సదువుకున్నోడు ఇంట్ల ఉండాలె" అని అక్కకు వినబడేలా అన్నాడు.

మామూలు పద్ధతిలో బిగించి ఉంటే ఏ ప్రమాదమూ జరిగేది కాదు. ఆ రబ్బరు ఏడాది ముందు చిరిగేది, అంతే. ఈ సంగతి నేను ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను.

సాయంత్రానికి అన్నీ బిగించాం. చక్రాల కింద మందపాటి చెక్క దిమ్మలు పెట్టి, కారును వాటి మీదికి దించాం. ఇక కింద ఆ రెండు నట్లే మిగిలాయి. పొడుగు పిడి స్పానరు ఒక్కటే ఉంది. బావ ముందు దూరి తన వైపు బిగించి వచ్చి, స్పానరు నా చేతికిచ్చి స్నానానికి వెళ్లాడు. ఆ శనివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. మా వైపు వారానికొక ఇంట్లో పెట్టుకుంటారు. నేను కిందికి వంగుతుండగా గేటు చప్పుడైంది. మా చర్చి పాస్టరు అయ్యగారు, వెనకే నలుగురైదుగురు ఆడవాళ్లు, అనుకున్న సమయానికి ముందే వచ్చేశారు. లోపలి నుంచి అమ్మ పిలిచింది. జంపఖానా పరచాలి, పక్కింటి నుంచి కుర్చీలు తేవాలి. స్పానరు గోడ పక్కన పెట్టాను. నూనె చేతులు కడుక్కున్నాను. తెల్ల చొక్కా వేసుకున్నాను. కూడిక అయ్యాక బిగించవచ్చు అనుకున్నాను.

కూడిక అయ్యింది. టీ అయ్యింది. అయ్యగారికి కారు సంగతి ఎవరో చెప్పారు. "అయితే బండి కోసం కూడా ప్రార్థన చేద్దాం, రేపు ప్రయాణం కదా" అని ఆయన బయటికి వచ్చారు. మాలో కొత్త బండికైనా, కొత్త ఇంటికైనా అది అలవాటే. అందరం కారు చుట్టూ నిలబడ్డాం. ప్రార్థన మొదలుపెట్టబోతూ ఆయన, పనంతా పూర్తయిందా అని అడిగారు. బావ నా వైపు చూశాడు.

"నా దిక్కు అయింది అయ్యగారూ. బామ్మర్దీ, నీ దిక్కు అయిందా?"

"అయింది బావా."

"కింది నట్టు గట్టిగ బిగించినవా?"

"బిగించేశాను."

ఎందుకలా అన్నాను? అందరూ చూస్తున్నారు. కాలేదంటే ఆ తెల్ల చొక్కాతో, ఆడవాళ్ల ముందు, అయ్యగారు ఎదురుచూస్తుండగా నేల మీద పడుకుని కారు కిందికి దూరాలి. అది నాకు నామోషీ అనిపించింది. వాళ్లు వెళ్లిపోయాక చేస్తాను కదా, మాట ముందు, పని తర్వాత, అంతే కదా అనుకున్నాను. అయ్యగారు కారు ముందు భాగం మీద చేయి పెట్టి ప్రార్థించారు. ఆమేన్ అన్నాను.

వాళ్లు స్కూటర్లు తీసుకోవడానికి దారి కావాలని బావ కారును దిమ్మల మీద నుంచి దించి గోడ పక్కకు తిప్పాడు. ఇక మనిషి దూరే సందు లేదు. మళ్లీ జాకీ పెట్టాలి. పెడితే ఎందుకని అడుగుతాడు. అడిగితే ఇందాక అందరి ముందు, ప్రార్థన ముందు చెప్పింది అబద్ధమని తేలుతుంది. తెల్లవారుజామున ఎవరూ లేవకముందే లేచి చేద్దామనుకుని పడుకున్నాను.

లేచాను. కాదు, మెలకువ వచ్చింది. అప్పటికే వరండాలో వాళ్ల మాటలు వినబడుతున్నాయి. కోత పండుగ బల్ల ముందు పెట్టడానికి అక్క తీసుకెళ్తున్న అరటి గెల వెనక సీటులో సరిగా పట్టడం లేదు. ఇద్దరూ దాని మీద వాదించుకుంటున్నారు. పాప నిద్రపోతోంది, దాన్ని ఇక్కడే ఉండనీ అంది అమ్మ. ఇంజను స్టార్ట్ అయింది. వేడెక్కడానికి బావ దాన్ని కాసేపు అలాగే ఉంచాడు.

ఆ కాసేపు నా దగ్గర ఉంది. మంచం దిగి గుమ్మం దాకా వెళ్తే చాలు. బావా, ఒక్క నిమిషం అంటే చాలు. నేను దుప్పటి కప్పుకుని వింటూ పడుకున్నాను. చేత్తో తిప్పే వదిలాను కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. అప్పుడు నాకు కాస్త భయం కూడా వేసింది. భయం వేయలేదని చెప్పుకోగలిగితే బాగుండేది. నిన్నటి చిన్న అబద్ధం బయటపడే సిగ్గు, ఆ భయం కంటే పెద్దదైంది. గేటు తీసిన చప్పుడు, గేటు ముందు కాలువ మీద పరిచిన మోరీ బండ మీద చక్రాలు ఎక్కి దిగిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

ఫోను మధ్యాహ్నానికి ముందే వచ్చింది. మేడ్చల్ దాటాక కారు ఉన్నట్టుండి ఎడమకు లాగి ఒక కల్వర్టు గోడను గుద్దింది. బావకు పెద్దగా దెబ్బలు లేవు. అక్క ఎడమ పక్క కూర్చుంది. మోకాలు నలిగిపోయింది.

ఆసుపత్రికి బయలుదేరుతూ గేటు దగ్గర ఆగాను. మోరీ బండ పక్కన మట్టిలో నట్టు పడి ఉంది. నట్టు లేని బోల్టు దారంతా కొద్దికొద్దిగా జారి, మేడ్చల్ దాటాక ఊడిపోయి ఉంటుంది. తీసుకున్నాను. వెనక్కి వెళ్లి, నాన్న పాత నట్లూ మేకులూ వేసుకునే డబ్బాలో పడేశాను. అందులో అలాంటివే చాలా ఉన్నాయి. ఇప్పుడు తీసి చూపించమన్నా, అది ఏదో నేను చెప్పలేను.

ఆసుపత్రి వరండాలో బావ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద అక్క రక్తం ఉంది. ఏం జరిగిందో తెలియడం లేదని అందరికీ చెబుతున్నాడు. ఎడమకు లాగింది, ఎందుకు లాగిందో తెలియదు అంటున్నాడు. అమ్మ నా చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. "మీరిద్దరూ ఏదో విప్పి పెట్టారు కదరా. బండిలో ఏమైనా లోపమా?" అని అడిగింది. "బండి బాగానే ఉందమ్మా. బావకు మొన్న రాత్రి డ్యూటీ. నిన్నంతా కూడా పడుకోలేదు" అన్నాను.

అంతే అన్నాను. నిద్రపోయాడు అనలేదు. అనకుండా అనడం నాకు బాగా వచ్చు. చదువుకున్నాను కదా. అమ్మ ఆ మాట పిన్నికి చెప్పింది. పిన్ని ఇంకెవరికో చెప్పింది. సాయంత్రానికి ఆ వరండాలో అందరికీ కారణం తెలిసిపోయింది. రాత్రికి బావ కూడా అదే చెబుతున్నాడు. నిద్ర తూగి ఉంటా, అంటున్నాడు.

కారును పాత ఇనుము కింద అమ్మేశారు. కింది చెయ్యి ఊడి వేలాడుతోందని ఎవరో అన్నారు. "గోడకు గుద్దితె ఊడదా మరి?" అన్నాడు కారు తీసుకెళ్లినతను. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

అక్క నెలల తరబడి మంచంలో ఉంది. తర్వాత నడిచింది. ఎడమ మోకాలు మాత్రం మళ్లీ వంగలేదు. మా చర్చిలో యేసు జ్ఞాపకంగా ఇచ్చే సంస్కారపు రొట్టె తీసుకునేటప్పుడు బల్ల ముందు వరసగా మోకరిస్తాం. అక్క మోకరించలేకపోయేది కాబట్టి నిలబడే తీసుకునేది. బావ మోకరించగలడు. అయినా ఆమె పక్కన ఆయన కూడా నిలబడేవాడు. అందరూ వంగిన ఆ వరసలో వాళ్లిద్దరే నిటారుగా కనబడేవాళ్లు. నేను ఆ పక్కనే మోకాళ్ల మీద ఉండేవాణ్ని. బల్ల దగ్గరికి వెళ్లే ముందు మా పాపాలు ఒప్పుకుంటున్నామని సంఘమంతా ఒక్క గొంతుతో చెబుతాం. అంతమంది గొంతుల్లో నా గొంతు కలిపేయడం ఎంత తేలికో నాకు తెలుసు.

అక్క కాలి కంటే నేను బావకు చేసిందే పెద్దదని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. అది సరే. కొన్నాళ్లకు ఆయన గార్డు ఉద్యోగం వద్దని తనే అర్జీ పెట్టుకున్నాడు. పైవాళ్లు ఎవరూ అడగలేదు. "కండ్లు తెరుసుకోని ఉన్ననని నేననుకుంట. నిజంగ ఉన్ననో లేనో ఎవనికెరుక? దినాం గంత బండి నా మీద ఇడిసిపెడ్తరు" అని అక్కతో అన్నాడట. పార్సిలు ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. మిగిలిన సర్వీసంతా పెట్టెలకు చీట్లు అంటించాడు. తన కళ్ల మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసుకున్నాను. తీసుకుని నేనేం చేసుకున్నాను? నాకది ఎందుకూ పనికిరాలేదు.

చెప్పే అవకాశం రాలేదని అనుకోకండి. ఒక్కసారి ఆయనే స్వయంగా నా చేతికి ఇచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత, రిటైరయ్యే ముందు. ఒక ఎండాకాలపు సాయంత్రం మౌలాలి క్వార్టరు వరండాలో కూర్చుని ఉన్నాం. అక్క లోపల ఉంది. దూరంగా గూడ్సు బండి ఒకటి పోతోంది. దాని చివరి పెట్టె కనుమరుగయ్యే దాకా ఆయన చూశాడు. అలవాటు పోలేదు.

"బామ్మర్దీ, ఒక్కమాట అడుగుత. నవ్వకు."

"అడుగు బావా."

"నేను ఆ దినం నిద్ర పోలేదనిపిస్తది. ఆ కల్వర్టు కాడ ఒకామె బర్రెలను తోలుకపోతున్నది. ఎర్ర చీర. గది నాకు యాదికున్నది. నిద్రపోయినోనికి యాదికుంటదా?"

ఆయన నా ముఖం వైపే చూస్తున్నాడు. ఆ ముఖంలో ఆశ ఉంది. ఇన్నేళ్లకు ఒక చదువుకున్న మనిషి నోటి నుంచి, నువ్వు నిద్రపోలేదు అని వినాలని ఉంది. ఆయన అడిగింది అంతకంటే ఎక్కువేమీ కాదు. నట్టు సంగతి ఆయన ఊహలో కూడా లేదు. నేను నిజం మొత్తం చెప్పనక్కర్లేదు కూడా. అవును బావా, నువ్వు మెలకువగానే ఉండి ఉంటావు అంటే చాలు.

"బాగా అలిసిపోతే కళ్లు తెరిచే నిద్రపోతారట బావా. ఎక్కడో చదివాను. ఆ ఒక్క క్షణం ముందు చూసింది గుర్తుంటుంది, తర్వాతది ఉండదు" అన్నాను.

"పుస్తకంల ఉన్నదా?" అన్నాడు.

"ఉంది."

"గట్లయితే గంతే ఉంటది." టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాడు.

మొదటి అబద్ధానికి జనం ముందు నామోషీ కారణమన్నాను. రెండోదానికి, ఆసుపత్రిలో, భయం కారణం కావచ్చు. దీనికేం చెప్పను? ఎవరూ చూడటం లేదు. నన్ను ఎవరూ అనుమానించడం లేదు. ఆయన నిద్రపోలేదని తేలితే, మరి కారు ఎందుకు లాగిందన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది. అది లేవకూడదని, తలుపు సందులోంచి వచ్చిన ఆ కాస్త వెలుతురునూ మూసేశాను. ఇదే నేను చేసిన అసలైన తప్పు. నట్టు మరిచిపోవడం కాదు. నిజానికి నేను దేన్నీ మరిచిపోలేదు.

అక్క ముందు పోయింది. చివరి దాకా ఆమె స్నానం, మందులు, జడ వేయడం అన్నీ బావే చూసుకున్నాడు. మొన్న వానల్లో బావ కూడా పోయాడు. జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. పోయిన మనిషి గురించి తెలిసింది నిలబడి చెప్పడాన్ని మేం సాక్ష్యమంటాం. లేచాను. ఆయన నాకు అన్నలాంటివాడని చెప్పాను. ఎవరినీ నొప్పించలేదని చెప్పాను. గుమ్మడికాయల వేలం సంగతి చెప్పి జనాన్ని నవ్వించాను. కూర్చున్నాను.

నా తర్వాత స్నేహ లేచింది. ఇప్పుడు తనకే ఇద్దరు పిల్లలు. "మా నాన్న ఒక్క నిమిషం కన్ను మూశాడు. ఆ ఒక్క నిమిషానికి మిగతా జీవితమంతా అమ్మకు సేవ చేసి తీర్చుకున్నాడు. చిన్నప్పుడు నాన్నంటే నాకు కోపంగా ఉండేది. ఆయనతో బాగా మాట్లాడని రోజులు చాలా ఉన్నాయి. ఇప్పుడు క్షమించాను" అంది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. వేదిక దిగి వచ్చి తను నా పక్క కుర్చీలో కూర్చుంది. నా భుజం మీద తల పెట్టి, "మామయ్యా, నేను సరిగ్గా చెప్పానా?" అని అడిగింది.

నేను తల ఊపాను.

ఆ తల ఊపడం కోసమే ఇది రాస్తున్నాను. తండ్రి చేయని తప్పుకు తండ్రిని క్షమించిన కూతురు నా పక్కన ఉంది. సరిగ్గానే చెప్పావని నేను ఒప్పుకున్నాను. ఇంతవరకూ బతికున్నవాళ్లకు ఈ అన్యాయం చేశాను. ఇప్పుడు పోయినవాడికి, ఆయన బిడ్డకు కూడా.

స్నేహకు చెప్పాలి. చెబుతానని మీకు మాట ఇవ్వను. బిగించేశాను అని చెప్పిన నోరు ఇది. చెబితే క్షమించమని మాత్రం అడగను. ఆ ఇంటి నుంచి ఇంకొకటి అడిగి తీసుకునే హక్కు నాకు లేదు. నన్ను అర్థం చేసుకోమని మిమ్మల్ని కూడా అడగడం లేదు. అర్థం చేసుకున్నంత మాత్రాన అక్క మోకాలు వంగదు, బావ చేతికి జెండా రాదు.

ఇది రాయడం అయ్యాక తలుపు వేసుకుని, ఒక్క మాట పైకి అని చూశాను. వినేవాళ్లెవరూ లేరు. ఇన్నేళ్లు మోసింది చాలా పెద్ద మాట అనుకున్నాను. ఊపిరి మధ్యలో తీసుకోనక్కర్లేనంత చిన్నది. ఎర్ర చీర ఆమె, ఆమె బర్రెలు, కల్వర్టు గోడ, అన్నీ ఆయన చూశాడు. ఆ ఉదయం మా బావ నిద్రపోలేదు.